స్లాబు మీద కంబళ్లు

జడ్చర్లలో నల్లగొండ బస్సెక్కితే, మిగిలిన ఒక్క సీటులో కొత్త గొంగడి కూర్చుని ఉంది. పక్కన ఒక పెద్దమనిషి.

"గీ ఎండల గొంగడేందన్నా? దీనికి గూడ టికెట్ కొట్టిచ్చినవా?" అన్నాను.

ఆయన నవ్వలేదు. గొంగడిని ఒళ్లోకి తీసుకుని, "కూసో చెల్లె," అన్నాడు. మిలిటరీలో కట్టడాల పని చేయించి రిటైరయ్యాడట.

"మంచుకొండల స్లాబు పోసినం. పచ్చి స్లాబు చలికి గడ్డకడితే పగుల్తది. లేబరోళ్ల కంబళ్లు గుంజి దానిమీద కప్పిచ్చిన. తెల్లారి ఒకడు లేవలే. మన పాలమూరోడే. వాళ్లమ్మకు ఏటా గొంగడి ఇచ్చొస్త."

"ఎట్ల సచ్చిండో ఆమెకు చెప్పినవా?" నేను ఊరుకునే రకం కాదు.

"పోయినేడు చెప్పిన."

"తిట్టిందా?"

"తిడితే బాగుండు. 'స్లాబన్న నిలవడ్డదా సారూ?' అని అడిగింది. నిలవడ్డదన్న." గొంగడి మడత సర్దుతూ అన్నాడు, "అబద్ధం చెల్లె. పగిలింది. కూలగొట్టినం. గా ముక్క గూడ ఇయ్యాల చెప్పేస్త."

"చెప్పకన్నా," అన్నాను.

ఆయన నా మొహంలోకి చూశాడు. గొంగడి భుజాన వేసుకుని కల్వకుర్తిలో దిగిపోయాడు.

ఎవరితోనైనా వాదించి గెలుస్తాను. ఆ ఒక్క మాట మీద మాత్రం నాతో నాకే ఇంకా తెగలేదు.