రొయ్యపొట్టు కౌంటర్ ముందు క్యూ

2015 ఫిబ్రవరి. శ్రీకాకుళం ఏడురోడ్ల జంక్షన్ నుంచి కాస్త లోపలికి వస్తే ఒక సందులో మా సైన్‌బోర్డుల షాపు ఉండేది. గోడల మీద కుంచెతో అక్షరాలు రాసే రోజుల్లో ఈ పనిలోకి వచ్చాను. ఫ్లెక్సీలు వచ్చాక మిషను కొన్నాను. ఆ తర్వాత బోర్డులకు ఫ్రేములు, స్టాండ్లు కూడా నేనే తయారు చేసుకోవడం మొదలుపెట్టాను. పనితనం మీద నాకు గర్వం ఎక్కువ, ఓపిక తక్కువ. రెండూ ఇందులో బయటపడతాయి కాబట్టి ముందే ఒప్పేసుకుంటున్నాను.

ఒకరోజు పొద్దున్నే కళింగపట్నం నుంచి నూకమ్మ వచ్చింది. యాభై దాటిన మనిషి, పొట్టి, గట్టి గొంతు. ఆవిడా, మరికొందరు ఆడవాళ్లూ కలిసి ఎండు రొయ్యపొట్టు, నెత్తళ్లనే చిన్న ఎండుచేపలు ప్యాకెట్లు కట్టేవారు. ఇసుక అంటకుండా వలల మీద ఎండబెట్టి, ఏరి, శుభ్రం చేసిన సరుకు. ఆ ప్యాకెట్ల మీద అంటించే స్టిక్కర్లు నేనే వేసి ఇచ్చేవాణ్ని.

"బాబూ, నాకో బల్ల గావాల. మడిస్తే సంచిలో పట్టాల, ఇప్పితే కొట్టులాగుండాల" అంది.

శ్రీకాకుళంలో పెద్ద కిరాణా షాపు షావుకారు ఆవిడకు ఒక అవకాశం ఇచ్చాడు. షాపు గుమ్మం పక్కన పది రోజులు నిలబడి అమ్ముకోవచ్చు. పది రోజుల్లో నాలుగు అట్టపెట్టెల సరుకు పోతే, లోపల అరల్లో ఆ ప్యాకెట్లకు శాశ్వతంగా చోటు ఇస్తాడు. అట్టపెట్టెలు లోపల ఉంచుకోవచ్చు గానీ బల్లకు మాత్రం చోటు లేదన్నాడు. అంటే రోజూ బస్సులో తెచ్చుకుని, రోజూ పట్టుకెళ్లాలి.

"అరలో సోటొస్తే పదేను రోజులకోపాలి ఆటోలో పెట్టిలు పంపించీడమే బాబూ. నాను మొయ్యక్కర్నేదు" అని మెడ వెనక చెయ్యి పెట్టుకుంది.

అప్పుడు తెలిసింది అసలు సంగతి. ముప్పై ఏళ్లు నెత్తిన చేపల గంప పెట్టుకుని గార మండలంలో ఊళ్లన్నీ తిరిగిన మనిషి. మెడ ఎముకలు అరిగిపోయాయి. ఇంకా నెత్తిన బరువు పెడితే కుడిచెయ్యి పనిచెయ్యడం మానేస్తుందని డాక్టరు చెప్పేశాడు. ఐదు కిలోలకు మించి ఎత్తొద్దన్నాడు.

"అరలో చోటు రాకపోతే?" అని అడిగాను.

"రాకపోతే ఏటుంటాది? మళ్లీ గంపే" అంది, రేపు సోమవారం అన్నంత మామూలుగా.

కంపెనీలవాళ్లు సబ్బులూ టీపొడీ ప్రచారం చెయ్యడానికి బజార్లో పెట్టే బల్లలు మీరు చూసే ఉంటారు. మా పనిలో వాటిని ప్రోమో టేబుల్ అంటాం. ముందు వంపు తిరిగిన అట్ట, పైన బల్ల, రెండు గొట్టాల మీద తల దగ్గర ఒక బోర్డు. ఆ పై బోర్డును హెడర్ అంటాం. రెడీమేడ్‌గా దొరికేవి సూట్‌కేసులకు వాడే ఏబీఎస్ ప్లాస్టిక్‌తో చేస్తారు. ఒకటి తెప్పించి ఎత్తి చూశాను. పది కిలోల పైమాటే. నూకమ్మకు పనికిరాదు.

అందుకని సొంతంగా గీశాను. కాళ్లకు సన్న అల్యూమినియం గొట్టాలు, ముక్కలు ముక్కలుగా. లోపల నుంచి ఎలాస్టిక్ తాడు పోనిచ్చాను, విదిలిస్తే ముక్కలు వాటంతటవే ఒకదాంట్లో ఒకటి కూర్చుంటాయి. బల్లకు సన్‌బోర్డు, అంటే లోపల గట్టి నురుగు ఉండే పలక. ముందు వైపుకు సన్‌ప్యాక్, ఎన్నికల్లో స్తంభాలకు కట్టే గాడుల ప్లాస్టిక్ షీటు. దాన్ని గాడుల వెంట వంచితే చాపలా చుట్టుకుంటుంది, అడ్డంగా వంచితే విరుగుతుంది. ఇది తెలుసుకోవడానికి నాలుగు షీట్లు పాడుచేశాను. ఇంత తేలికైనది గాలికి పడిపోదా అంటారేమో. కింద రెండు ఖాళీ సీసాలకు చోటు పెట్టాను. అక్కడికి వెళ్లాక నీళ్లు నింపుకోవాలి. నిలబెట్టే బరువును ఇంటి నుంచి మోసుకెళ్లడం దేనికి?

పక్క కూరగాయల కొట్టు కాటా మీద పెడితే నాలుగున్నర కిలోలు తూగింది. ఆ కొట్టాయన కూడా మెచ్చుకున్నాడు. నేను ఆ రోజు రెండు టీలు ఎక్కువ తాగాను.

ఇక అలంకరణ. ఎండుచేప అనగానే టౌనువాళ్లు ముక్కు మూసుకుంటారు కాబట్టి శుభ్రంగా కనిపించాలనుకున్నాను. తెలుపు మీద నీలం. హెడర్ మధ్యలో గుండ్రటి చిహ్నం, కింద "మహిళా మత్స్య ఉత్పత్తుల కేంద్రం" అని బలమైన అక్షరాలు, ఒక పక్కన నూకమ్మ ఫొటో. దూరం నుంచి కనబడాలని బల్ల ఎత్తు మూడడుగులు పెట్టాను. బ్యాగుకు భుజాన వేసుకునే పట్టీ కుట్టించి, "నెత్తిన పెట్టుకున్నారంటే ఊరుకోను" అని బెదిరించి మరీ ఇచ్చాను.

మూడో రోజు మధ్యాహ్నం నూకమ్మ ఫోన్ చేసింది.

"బాబూ, ఒకపాలి రాగలవేటి?"

"ఏం, విరిగిందా?"

"విరగనేదు. జనం వస్తన్నారు. బోల్డంతమంది వస్తన్నారు. నువ్వు రా."

బండి తీసుకుని వెళ్లాను. మలుపు తిరగగానే కనబడింది. నా కౌంటర్ ముందు క్యూ! పదిహేను మంది దాకా, ఒకరి వెనక ఒకరు, ఎవరూ తోసుకోకుండా. నా ఛాతీ ఇంత అయింది. బండి స్టాండు వేసి, చివర నిలబడ్డ ముసలాయన పక్కన ఆగి మురిసిపోతూ చూస్తున్నాను.

ఆయన నావైపు తిరిగి, "బాబూ, రేసను కార్డు జిరాక్సు ఒకటి సాల్దా, రెండు గావాలా?" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. ఆయన ముందున్న ఆడమనిషి చేతిలో ఆధార్ కాగితం ఉంది. ఆమె ముందున్నతని చేతిలో పట్టాదారు పాసుపుస్తకం. కిందటేడు తుపానుకి నష్టపోయినవాళ్లు ఆ రోజుల్లో పరిహారం కోసం కాగితాలు కవర్లో పెట్టుకునే తిరిగేవారు. ఎక్కడ బల్ల కనబడితే అక్కడ నిలబడేవారు.

క్యూ మొదట్లో నూకమ్మ ఒక తాతతో అవస్థపడుతోంది. "కాదు తాతా, ఇది రొయ్యిపొట్టు."

"అదేనమ్మా, ఆ రొయ్యిపొట్టు లోనుకే వచ్చినాను. నా పేరు రాసుకో" అంటున్నాడు తాత.

మూడు రోజులుగా ఇదే వరస అట. అమ్ముడైనవి ఏడు ప్యాకెట్లు. వాటిలో రెండు, కొంటే పేరు రాస్తారేమోనని కొన్నవి.

లోను లేదని తెలిశాక క్యూ విడిపోయింది. కోటబొమ్మాళి నుంచి వచ్చినావిడ, "గంటసేపు నిలబెట్టీసి ఇప్పుడు సెప్తావేటి?" అని నూకమ్మను కడిగేసింది. నన్ను జిరాక్సు గురించి అడిగిన ముసలాయన కాగితాలు ఒక్కొక్కటీ సరిచేసి కవర్లో పెట్టుకుని బస్సు కాంప్లెక్సు వైపు నడిచాడు. నాకు సిగ్గేసింది. సిగ్గేస్తే నాకు కోపం వస్తుంది. ఆ కోపం నూకమ్మ మీద చూపించాను.

"మీరు నోరెత్తి పిలవాలి కదమ్మా! బొమ్మలా నిలబడితే వాళ్లేమనుకుంటారు? మీ గొంతు కళింగపట్నం రేవు దాకా వినబడుతుందే!"

"ఈ బల్లెనకాల నిలబడితే నాకు నోరు రావట్నేదు బాబూ. గంప కాడ కూకుంటే అదే వస్తాది. కావాలంటే నువ్వు నిలబడు ఒకపాలి" అని పక్కకు తప్పుకుంది.

పంతం కొద్దీ వెళ్లి నిలబడ్డాను. బల్ల నా కడుపు దాకా ఉంది. నెత్తి మీద గుండ్రటి చిహ్నం. చెవి వెనక పెన్సిలు ఎప్పుడూ ఉండేదే. రెండు నిమిషాలు కాలేదు, ప్యాంటూ చొక్కా వేసుకున్న చదువుకున్నాయన, ఎచ్చెర్ల వైపు నుంచి వచ్చాడట, ఎదురుగా ఆగి అడిగాడు. "సార్, ఈరోజు సర్వర్ పనిచేస్తోందా?"

నూకమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది. నాకు మాత్రం తప్పు ఎక్కడ జరిగిందో అప్పుడు తెలిసింది. ఎన్నో ఏళ్లుగా నా షాపు నడిచింది ప్రభుత్వ పథకాల బోర్డులతోనే. నమోదు కేంద్రం, సహాయ కేంద్రం, దరఖాస్తులు ఇక్కడ. తెలుపూ నీలం, గుండ్రటి చిహ్నం, పక్కన ఒక నవ్వని ఫొటో. శుభ్రంగా ఉండాలి అనుకోగానే నా చెయ్యి అలవాటు కొద్దీ అదే గీసేసింది. బరువు తగ్గించే ధ్యాసలో పడి, బల్ల బదులు ఆఫీసును మడిచి ఆవిడ భుజానికి తగిలించాను.

"ఇప్పుడేటి సెయ్యాల?" అంది నూకమ్మ. నవ్వు పోయింది. ఏడు రోజులు మిగిలి ఉన్నాయి, మూడున్నర పెట్టెలకు పైగా సరుకు అలాగే ఉంది. మాట్లాడుతూనే మెడ వెనక నొక్కుకుంటోంది.

"మీరైతే ఎలా అమ్ముతారు?" అని అడిగాను. ఈ ప్రశ్న మొదటి రోజే అడగాల్సింది.

"ఆళ్లు సెయ్యెట్టి సూడాల. వాసన సూడాల. నోట్లో ఒకటేసుకోవాల. నాను ఆళ్ల పక్కనుండాల గానీ ఆ గోడవతలేటి? ఇవతలకొచ్చెస్తాను."

అంతే. హెడర్ పీకేశాను. కౌంటర్‌ను వెనక్కి తిప్పేశాను. సరుకు పెట్టుకునే అరలు లోపలి వైపు ఉంటాయి కదా, అవి రోడ్డువైపు వచ్చాయి. వంపు అట్ట వెనక గోడ అయింది. ఇంకా ఎత్తు మిగిలింది. ఎదురుగా హార్డ్‌వేర్ కొట్లో హాక్సా, అంటే ఇనుము కోసే రంపం, అడిగి తెచ్చాను. వారం రోజులు కష్టపడి చేసిన కాళ్లను నడిరోడ్డు పక్కన అడుగు మేర కోసేస్తుంటే, షావుకారు గుమ్మంలోకి వచ్చి, "మతి పోయిందేమిటండీ!" అన్నాడు. సన్‌ప్యాక్ షీటును కూడా అదే కొలతకు కట్టర్‌తో కోశాను. ప్రాణం ఉసూరుమంది. ఏం చేస్తాం, చేసుకున్నది నేనే.

నూకమ్మ తన ఫొటో తనే ఒలిచేసింది. "సచ్చిపోయినోల్ల ఫొటోలాగున్నాది. సెప్తే నువ్వేటనుకుంటావోనని ఊరుకున్నాను." నేను శ్రద్ధాంజలి ఫ్లెక్సీలు కూడా వేస్తానులెండి.

రెండు ప్యాకెట్లు చింపి రొయ్యపొట్టును పళ్లెంలో కుప్పగా పోసింది. షాపువాళ్ల ఖాళీ కూల్‌డ్రింకు పెట్టె బోర్లించి కౌంటర్ పక్కన కూర్చుంది. నేను అవతలి ఫుట్‌పాత్ మీద నిలబడ్డాను. ఐదు నిమిషాలు ఎవరూ ఆగలేదు. అప్పుడు షాపులోంచి సంచులతో బయటికొచ్చిన ఒకావిడ పళ్లెం దగ్గర వంగింది. రెండు వేళ్లతో తీసి నలిపింది, వాసన చూసింది.

"ఇసకుంటాదేమో" అంది.

"నములు తల్లీ! ఇసక పంటికి తగిల్తే పెట్టి పెట్టంతా నీదే!" అని నూకమ్మ ఎత్తుకుంది. ఆ గొంతు వినడం నాకు ఆ వారంలో అదే మొదటిసారి. వంకాయలో ఎప్పుడు వెయ్యాలో, ముందు దోరగా వేయించకపోతే ఏమవుతుందో చెప్పడం మొదలుపెట్టింది. ఇంకొకావిడ ఆగి, వంకాయలో కాదు పచ్చిమామిడిలో బావుంటుంది అంది. ఇద్దరికీ వాదన. మధ్యలో నాలుగు ప్యాకెట్లు పోయాయి. దారినపోయే ఒక మగాయన కవరు బయటికి తియ్యకుండానే వంగి ఒక రొయ్య నోట్లో వేసుకున్నాడు. హమ్మయ్య అనుకున్నాను.

ఆ తర్వాత ఆరు రోజులూ రోజుకు నాలుగుసార్లు ఏదో వంకన అటువైపు బండి పోనిచ్చాను. తొమ్మిదో రోజు మధ్యాహ్నం ఫోన్ వచ్చింది.

"బాబూ, నాలుగో పెట్టి అడుగు కనిపించీసినాది. సావుకారు లోపలికి పిలిచి అర సూపించినాడు. అడుగు వరస కాదు, కళ్లకెదురుగా ఉన్న వరస!"

నా గొప్ప కోసం చేసిన పొరపాటుకు ఆ మనిషి మెడ బలి కాలేదు, అది చాలు.

తర్వాత ఎన్నో ప్రోమో టేబుళ్లు చేశాను. కిలోలు తగ్గించడం నాకు వచ్చు, ఆ గర్వం ఇంకా ఉంది. కానీ గీత గీసే ముందు ఇప్పుడు ఒక పని చేస్తాను. దాన్ని పెట్టబోయే చోటికి వెళ్లి, కొనేవాళ్లు నిలబడే వైపు నిలబడతాను. ఈ ఊళ్లో జనం ఇలాంటి బల్లల ముందు ఎన్నిసార్లు నిలబడ్డారో, ఎలా వెనక్కి వెళ్లారో ఆలోచిస్తాను. పనివాడి కొలత టేపులో ఆ లెక్క ఉండదు. కవరు సర్దుకుని వెళ్లిపోయిన ఆ ముసలాయన అది నాకు నేర్పాడు. ఆయనకు నేనేమీ ఇవ్వలేకపోయాను.

వేసవిలో కొత్త స్టిక్కర్ల కోసం నూకమ్మ మళ్లీ వచ్చింది. ఆస్పత్రికి వెళ్లి వస్తోందట. డాక్టరు ఏమన్నాడని అడిగాను.

"మెడ అరగడం ఆగినాదన్నాడు. గంప ఏటి సేసినావని అడిగినాడు. కోడిపిల్లల మీద బోర్లించినానని సెప్పినాను" అంది.