గాబన్‌లో నాకు గంజి పోసిన ఆమె

తెలంగాణ రావడానికి నాలుగైదేళ్ల ముందు నేను నాచారంలో ఫిట్టర్‌ని. దుంగలు కోసే మిషను బిగించడానికి మా ఫ్యాక్టరీవాళ్లు నన్ను ఆఫ్రికాలోని గాబన్ పంపారు. నది మీద రెండు రోజులు పడవలో వెళ్తే వచ్చే అడవి ఊరది. చేరిన వారానికే మలేరియా పట్టుకుంది. పడవ నడిపినతని తల్లి నన్ను తన ఇంట్లో పడుకోబెట్టి, తొమ్మిది రోజులు కర్రపెండలం గంజి తాగించింది. ఒకరి భాష ఒకరికి రాదు.

ఉప్పల్‌లో ఇంటికి రాగానే చుట్టాలంతా చేరారు. ఆమె గురించి చెప్పబోతుంటే మా బావ అడ్డుపడ్డాడు.

“గదంతా సరే గని, మనుషులను తింటరంట గదా ఆడ? నిన్నెట్ల ఇడిసిపెట్టిన్రు?”

అందరూ పగలబడి నవ్వారు.

“బక్కోణ్ణి గదా బావా, ఒద్దనుకున్నరేమో” అన్నాను నేను. ఇంకా గట్టిగా నవ్వారు.

ఆ మాట అన్న నోటితో ఆమె గురించి మళ్లీ ఎవరికీ చెప్పలేకపోయాను.