పరుచుకోని నీటిచుక్క

ప్రయోగశాలలో అందరూ ఆవిడను అనుమానాలక్క అనేవారు. తాళం వేసిన తలుపును మళ్ళీ మళ్ళీ లాగి చూసే మనిషి మరి! దవడ ఎముక విరిగినవాళ్ళకు బిగించే టైటానియం బిళ్ళల పైతలాన్ని సిద్ధం చేయడం ఆవిడ పని. పైతలాన్ని శుద్ధి చేసే ప్లాస్మా యంత్రంలోంచి తీసిన బిళ్ళ మీద నీటిచుక్క వేస్తే పల్చగా పరుచుకోవాలి. అలాంటి తలాన్నే ఎముక కణాలు పట్టుకుని పెరుగుతాయి. చుక్క పూసలా నిలబడిందా, ఆ బిళ్ళ ఎందుకూ కొరగాదు.

ఆ పనిలోకే తోడికోడలు వచ్చి చేరింది. మరిదికి పని పోయి, ఇప్పుడు ఆ ఇంటికి ఈమె జీతమే ఆధారం. అయినా తోడికోడళ్ళిద్దరికీ మొదటినుంచీ ఉప్పూ నిప్పూ. ఆమె చేయి తగలకుండా అనుమానాలక్క రబ్బరు మూత ఉన్న కొత్త ప్లాస్టిక్ డబ్బా తెచ్చి, సిద్ధమైన బిళ్ళలన్నీ అందులో పెట్టి బీరువాకు తాళం వేసేది.

చిత్రం! సాయంత్రం చక్కగా పరుచుకున్న చుక్క, తెల్లారేసరికి పూసలా నిలబడేది.

“చేతులకేం నూనె రాసుకుని ముట్టుకున్నావ్?”

“ఏం రాసుకోలేదక్కా. అసలు బీరువా తాళం నీ దగ్గరేగా!”

“దొంగతాళాలు చేసేవాళ్ళు ఊళ్ళో లేరా ఏంటి?”

అంతటితో ఊరుకోక ప్రయోగశాల పెద్ద మేడమ్‌కు ఫిర్యాదు చేసింది. ఇంకోసారి ఇలా అయితే తోడికోడల్ని తీసేస్తానని మేడమ్ తేల్చి చెప్పింది.

ఆ సాయంత్రం డబ్బా నిండిపోయింది. మిగిలిన ఒక్క బిళ్ళను గాజుమూత పెట్టి అదే బీరువాలో ఉంచింది. పొద్దున చూస్తే డబ్బాలోవన్నీ పాడైపోయాయి, గాజుమూత కిందిది మాత్రం భేషుగ్గా ఉంది. దొంగతాళంతో వచ్చిన మనిషి దీన్నొక్కదాన్నే వదిలేస్తుందా? డబ్బా తెరిచి ముక్కు దగ్గర పెట్టుకుంది. గుప్పున రబ్బరు వాసన! అప్పుడే శుద్ధి చేసిన తలం గాలిలో ఏది దొరికితే దాన్ని పట్టేసుకుంటుంది. రాత్రంతా ఆ రబ్బరు ఆవిరే పట్టింది.

పరుగున వెళ్ళి తప్పు తనదేనని మేడమ్‌తో చెప్పింది. తోడికోడలి ఉద్యోగం నిలిచింది.

“మూత మీద నాకు మొదట్లోనే అనుమానమొచ్చిందక్కా,” అంది తోడికోడలు.

“మరి చెప్పవేమే? ఉద్యోగం పోయేదిగా!”

“చెబితే, ఆ డబ్బా నువ్వెప్పుడు తెరిచావే అని అడగవూ?”

నిజమే, ముందు ఆ మాటే అడిగేది. అనుమానాలక్క సిగ్గుతో తల దించుకుంది.