కావేరిలో బలప్రదర్శన

తాతల కాలం నుంచీ మేము బెంగళూరు తెలుగువాళ్ళం. ఇంట్లో మాట్లాడేది తెలుగే. అందులో కన్నడం ఎంత కలిసిపోయిందో నాకు తెలియదు, మా అమ్మాయి పెళ్ళి మాటలు మొదలయ్యేదాకా.

మేము వెతికిన సంబంధం కాదు. ఇద్దరిదీ ఒకే ఆఫీసు, వాళ్ళకు వాళ్ళే నచ్చుకున్నారు. అబ్బాయి బంగారం. తండ్రి లేడు. తల్లి గుంటూరు దగ్గర తెలుగు టీచరుగా చేసి, రిటైరయ్యాక ఈ ఊళ్ళోనే, యలహంకలో కొడుకు దగ్గర ఉంటోంది. ఆమె మొదటిసారి బొమ్మనహళ్ళిలో మా ఇంటికి వచ్చింది పొద్దున పూట. గుమ్మంలోనే ఎంతో ఆప్యాయంగా అడిగాను.

"రండమ్మా, తిండి అయిందా?"

ఆమె ముఖం మాడిపోయింది. ఎందుకో నాకు అంతుపట్టలేదు. ఆ తర్వాత నేను "ఉండాది" అన్నప్పుడల్లా ఆమె మెల్లిగా "ఉంది" అని సరిదిద్దుతూ కూర్చుంది. నాకు ఒళ్ళు మండింది. నా ఇంట్లో, నేను చేసిన ఉప్మా తింటూ, నాకే పాఠం చెప్తుందా! పిల్ల ముఖం చూసి నోరు కట్టేసుకున్నాను. ఇంటికి వెళ్ళాక కొడుకుతో అందట, రేపు నా మనవలు కూడా ఇలాగే మాట్లాడతారా అని. పెళ్ళికి మాత్రం ఆమె ఔననలేదు, కాదనలేదు. అమ్మ మనస్ఫూర్తిగా ఒప్పుకుంటేనే పెళ్ళి అన్నాడు ఆ అబ్బాయి. మా అమ్మాయి దిగులుతో సగమైపోయింది.

అందరం ఒక రోజంతా కలిసి తిరిగితే మనసులు కలుస్తాయని పిల్లలిద్దరూ ఒక ఉపాయం పన్నారు. గుడికో, హోటల్‌కో తీసుకెళ్తారనుకున్నాను. కావేరిలో రాఫ్టింగ్ అన్నారు. ఈత రాని నన్ను, చీర కొంగు జారనివ్వని ఆమెను, నీళ్ళంటే జడిసే మా ఆయనను రబ్బరు పడవ ఎక్కించడం ఏమి తెలివో! ఎండాకాలం కదా, నీళ్ళు మోకాళ్ళ దాకా కూడా లేవు, భయం లేదు అని బతిమాలారు.

నిజమే, ఏటి నిండా నీళ్ళకంటే బండలే ఎక్కువ కనిపించాయి. కానీ ఎంత అందంగా ఉందో! అడుగున గులకరాళ్ళు ఒక్కొక్కటీ కనిపించేంత తేట నీళ్ళు, బండల మీద రెక్కలారబెట్టుకుంటున్న నీటికాకులు, అటూ ఇటూ కొండలు. చీర మీద లైఫ్ జాకెట్టు బిగించుకుని మేమిద్దరం రెండు మూటల్లా ఎక్కి కూర్చున్నాం. ఎడమవైపు నేను, మా ఆయన. కుడివైపు ఆమె, ఆమె వెనక పిల్లలిద్దరూ. అందరి వెనక గైడు.

నీళ్ళు తక్కువైనప్పుడు బండల సందుల్లో దారి వెతుక్కుంటూ పోవాలి, నేను చెప్పినట్టు తెడ్డు వేయండి అన్నాడు గైడు. మొదట అంతా ఇంగ్లీషులోనే చెప్పాడు. నేను ఊరుకుంటే బాగుండేది. ఏ ఊరు, పిల్లలెంతమంది అని కన్నడంలో కబుర్లు పెట్టాను. తన భాష వినగానే అతను ఇంగ్లీషును ఏట్లో వదిలేసి, హాయిగా కన్నడంలోకి దిగిపోయాడు.

ఎదురుగా ఎడమ పక్కన పెద్ద బండ వచ్చింది. గైడు "బలక్కె, బలక్కె" అన్నాడు. కన్నడంలో కుడికి అని. మేము అర్థం చేసుకుని తెడ్లు సర్దుకునేలోపే ఆమె నడుం వంచి తెడ్డు గట్టిగా వేసింది. కుడివైపు కూర్చున్న మనిషి అంత జోరుగా ముందుకు తోస్తే పడవ ఎడమకు తిరుగుతుంది. తిరిగింది. అతను కంగారుగా మళ్ళీ "బలక్కె" అని అరిచాడు. ఆమె పళ్ళు బిగించి ఇంకా గట్టిగా వేసింది. అతను అరిచిన కొద్దీ ఆమె రెచ్చిపోయింది. పడవ తిన్నగా వెళ్ళి బండెక్కి కూర్చుంది.

"ఇంతకంటే బలంగా నావల్ల కాదు బాబూ," అంది ఆమె రొప్పుతూ.

అప్పుడర్థమైంది నాకు. ఆపుకోలేకపోయాను.

"బల అంటే కుడి పక్కమ్మా! ఆయప్ప కుడికి అంటా ఉంటే మీరు బలంగా అనుకోని తోసేస్తా ఉండారు. మీ మంచి తెలుగే మనల్ని బండ మీద కూర్చోబెట్టె!"

మా ఆయన నా మోచెయ్యి గిల్లాడు. మా అమ్మాయి ముఖంలో రంగు పోయింది. ఆమె నన్నే చూస్తోంది. అయిపోయింది, నా పాడు నోటితో పిల్ల పెళ్ళి చెడగొట్టేశాను.

ఆమె భుజాలు కదిలాయి. ఏడుస్తోందేమో అనుకున్నాను. నవ్వుతోంది. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, మళ్ళీ నవ్వుతూ, చివరికి ఊపిరి తీసుకుని అడిగింది.

"ఆ రోజు తిండి అన్నారే, అదీ ఇలాంటిదేనా?"

"టిఫినమ్మా! టిఫిన్ అయిందా అని కదా నేను అడిగింది."

"అయ్యో, మా వైపు అలా అడిగితే తిట్టినట్టేనండీ. అప్పట్నించీ మనసులో పెట్టుకుని ఉన్నాను."

బరువు తగ్గితే గానీ పడవ కదలదని గైడు అందరినీ దిగమన్నాడు. బండ మీద పాకుడు. ఆమె ఒక కాలు కింద పెట్టి, భయపడి ఆగి, నాకేసి చెయ్యి చాచింది.

"వదినగారూ, కాస్త పట్టుకోండి."

వదినగారూ! ఆ చెయ్యి గట్టు చేరేదాకా వదల్లేదు నేను. పిల్లలిద్దరూ పడవను నెడుతున్నట్టు నటిస్తూ ఒకరినొకరు చూసుకుంటున్నారు. ఒడ్డున కూర్చుని నేను తెచ్చిన చిత్రాన్నం తిన్నాం. ఆమె దాన్ని పులిహోర అంది. రెండోసారి పెట్టించుకుంది కాబట్టి నేను వాదించలేదు.

పెళ్ళయ్యాక యలహంకలో గృహప్రవేశం. గుంటూరు నుంచి వచ్చిన బంధువులతో వాకిలి నిండిపోయింది. నాకు మళ్ళీ గుబులు. ఇంతమందిలో నా బిడ్డ నోరు విప్పితే ఎవరు నవ్వుతారో, ఎవరు సరిదిద్దుతారో అని. అత్తగారు హారతి ఇచ్చి, పళ్ళెం పక్కన పెట్టి, కోడలి చెయ్యి పట్టుకుంది.

"బలగాలు పెట్టమ్మా, బలగాలు," అంది, అందరికీ వినబడేలా.

చుట్టాలు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. నాకు కళ్ళు నిండిపోయాయి. మా అమ్మాయి మాత్రం కుడికాలు పెట్టి లోపలికి వెళ్ళింది.