అద్దెకు దొరకని పూచీ

మధ్యాహ్నం పని ముగించుకుని కాలేజీకి వెళ్ళే బస్సులో ఉండగా తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. నా రూమ్మేట్ గొంతు.

"నన్ను పోలీసోళ్ళు పట్టుకపోయిండ్రే. ఓనర్‌ని తోసిన. మెట్ల మీద పడ్డడు, చెయ్యి విరిగింది. రేపు పొద్దున బెయిల్ కోర్టంట. నా తరఫున ఎవరన్నా రావాలంట."

ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. "నువ్వు ఏదన్న చెయ్యే" అని మాత్రం అంది, ఫోన్ కట్టయింది.

మేమిద్దరం కెనడాలోని బ్రాంప్టన్‌లో ఒక ఇంటి బేస్‌మెంట్‌లో ఒకే గదిలో ఉండేవాళ్ళం. నాది తెనాలి, ఆమెది కరీంనగర్ దగ్గర పల్లె. వరదలా విద్యార్థులు వచ్చి పడుతున్న రోజులవి. గది ఖాళీ అయితే చాలు, మేం కట్టేదానికన్నా ఎక్కువ అద్దెకు ఇంకొకరు తయారు. పైఅంతస్తులో ఉండే ఓనర్‌కి ఆ సంగతి బాగా తెలుసు. మమ్మల్ని పంపించెయ్యాలని ఆ వారం హీటింగ్ ఆపేశాడు. ఆ ఉదయం నేను పనికి బయల్దేరాక కిందికి దిగి, ఆమె సూట్‌కేసు తెచ్చి మంచులో పెట్టాడు. ఆమె లోపలికి రాబోతే తలుపుకి అడ్డం నిలబడ్డాడు. ఆమె తోసింది. అక్కడిదాకా ఎవరి తప్పెంత అని వాదించుకోవచ్చు గానీ, ఆయన మణికట్టు విరిగిన మాట మాత్రం నిజం.

తర్వాతి స్టాపులో దిగిపోయి, ఫోన్‌లో 'బెయిల్ ఏజెంట్' అని వెతికాను. కుప్పలు తెప్పలుగా వచ్చాయి. అర్ధరాత్రయినా పలుకుతామని, కాస్త రుసుము కడితే మిగతాది మేం చూసుకుంటామని. ఒక్కొక్కటే తెరిచి చూస్తే అన్నీ సరిహద్దు అవతల అమెరికావి. కెనడాలో ఒక్కటీ లేదు. మా విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో అడిగాను. వెంటనే ఒకతను విడిగా మెసేజ్ పెట్టాడు: "సిటిజన్‌ని పంపిస్తా. మీ ఫ్రెండ్‌కి బాబాయినని జడ్జికి చెప్తాడు. ఫీజు ముందే పంపాలి." ఆ మెసేజ్ చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. అయినా డబ్బు పంపే ముందు ఒకసారి కోర్టులో కనుక్కుందామని వెళ్ళాను.

కోర్టులో, లాయరు లేనివాళ్ళ కోసం ఫీజు తీసుకోకుండా పనిచేసే లాయరమ్మ ఒకామె దొరికింది. చేతినిండా ఫైళ్ళతో గబగబా నడుస్తూనే నా మాట వింది. బాబాయి సంగతి రాగానే ఆగిపోయింది.

"ఆ పని చెయ్యకు. ఇక్కడ బెయిల్ ఏజెంట్లు ఉండరు. డబ్బు తీసుకుని పూచీ ఉండడం ఈ దేశంలో నేరం. అతనితో పాటు నువ్వూ ఇరుక్కుంటావు."

"మరి ఏం చెయ్యాలి?"

"మామూలుగా ఇలాంటి కేసుల్లో సంతకం పెట్టించుకుని వదిలేస్తారు. కానీ ఆమెకున్న ఒకే అడ్రసు ఫిర్యాదు చేసినవాడి ఇల్లు. అక్కడికి పంపలేరు. ఆమెని తన ఇంట్లో పెట్టుకుని, కోర్టు పెట్టిన షరతులు తప్పకుండా కనిపెట్టి ఉండే మనిషి కావాలి. ఇప్పుడు డబ్బేమీ కట్టక్కర్లేదు. షరతు తప్పితే మాత్రం ఒప్పుకున్న మొత్తం కట్టవలసి రావచ్చు."

"నేను ఉంటాను."

ఆమె నా వైపు జాలిగా చూసింది. "స్టడీ పర్మిట్ మీద ఉన్నావు. పైగా అదే ఇంట్లో ఉంటున్నావు. ఇక్కడ స్థిరపడ్డవాళ్ళని తీసుకురా. రేపు ఉదయానికల్లా."

డబ్బయితే అప్పో సప్పో చేసి తెచ్చేదాన్ని. మనిషిని ఎక్కడినుంచి తేవాలి? మాకు అప్పుడప్పుడు కారులో లిఫ్ట్ ఇచ్చే అంకుల్‌కి ఫోన్ చేశాను. "సిటిజన్‌షిప్‌కి అప్లై చేసి ఉన్నానమ్మా. ఈ టైంలో కోర్టులూ అవీ అంటే మా ఆవిడ ఊరుకోదు. ఏమనుకోకు" అన్నారు. ఏమీ అనుకోలేదు. అనుకుంటూ కూర్చునే తీరిక లేదు. ఇంకో ఇద్దరిని అడిగాను, వాళ్ళూ కుదరదన్నారు. ఎంతమంది కాదన్నా సరే, కోర్టు తలుపు తెరిచేలోగా ఒక మనిషిని తెచ్చి తీరాలనుకున్నాను.

ఫోన్‌లో పేర్లన్నీ మళ్ళీ మొదటినుంచి చూస్తుంటే 'కరివేపాకు ఆంటీ' కనిపించింది. నేను పార్ట్‌టైమ్ చేసే ఇండియన్ గ్రోసరీకి ఆమె ప్రతి శనివారం వచ్చేది. కడప మనిషి. స్కూలు బస్సు నడిపేది. కరివేపాకు వాడిపోయిందని నాతో పోట్లాడి, తాజాది వస్తే చెప్పమని నంబరిచ్చింది. అంతకుమించి పరిచయం లేదు. ఒకట్రెండుసార్లు నా రూమ్మేట్‌నీ కౌంటర్ దగ్గర చూసింది. ఫోన్‌లో చెప్పే సంగతి కాదని, అడ్రసు అడిగి ఇంటికే వెళ్ళాను.

ఆమె అప్పుడే బస్సులో పిల్లల్ని దింపి వచ్చినట్టుంది, ఒంటి మీద ఇంకా పసుపు చారల జాకెట్ ఉంది. నేను చెప్పిందంతా నిలబడే వింది.

"తోసిందా, లేదా? ఉన్నదున్నట్టు చెప్పు పాపా."

"తోసింది ఆంటీ."

"తోయలేదని చెప్పుంటే నిన్ను ఇప్పుడే పంపించేస్తాంటి. ఇంతకుముందు ఇట్లాంటివేమైనా చేసిందా?"

"లేదు. కోపం ఎక్కువే గానీ, ఎవరి మీదా చెయ్యి ఎత్తలేదు."

"నా బిడ్డ గది ఖాళీగానే ఉంది, దూరంగా చదువుకుంటాంది. అయితే ఒకటి. షరతు తప్పిందంటే పోలీసులకు నేనే ఫోన్ చేస్తా. ఆ పిల్ల దానికి ఒప్పుకుంటేనే వస్తా."

నా రూమ్మేట్ తరఫున నేనే ఒప్పేసుకున్నాను.

మర్నాడు కోర్టులో గోడకున్న తెరమీద, జైలు నుంచి వీడియోలో, నా రూమ్మేట్ కనిపించింది. జుట్టు చెదిరి ఉంది, చూపు మాత్రం తిన్నగా ఉంది. ఆంటీ సాక్షుల బోనులోకి వెళ్ళింది. ప్రభుత్వ లాయరు అడిగాడు: "ఈ అమ్మాయి మీకు ఎంతకాలంగా తెలుసు?"

ఆంటీ తడబడకుండా తన ఇంగ్లీషులో చెప్పింది. "తెలీదు. అంగట్లో చూశాను, అంతే. ఈ సాయంత్రం నుంచి తెలుసుకుంటాను."

"తెలియని మనిషిని ఎలా అదుపులో పెడతారు?"

"బస్సులో నలభై మంది పిల్లలుంటారు. వాళ్ళూ మొదటిరోజు నాకు తెలీదు. మాట వినకపోతే మీకు ఫోన్ చేస్తాను."

న్యాయాధికారి చాలాసేపు రాసుకున్నారు. చివరికి ఆంటీ పూచీ మీద వదిలారు: ఆమె ఇంట్లోనే ఉండాలి, ఓనర్‌తో మాట్లాడకూడదు, ఆ వీధి ఛాయలకు వెళ్ళకూడదు, రాత్రి తొమ్మిదికల్లా ఇంట్లో ఉండాలి.

ఆ తొమ్మిది గంటల షరతుతో, వేర్‌హౌస్‌లో నా రూమ్మేట్ చేసే నైట్ షిఫ్ట్ ఉద్యోగం పోయింది. మొదటి నెలంతా ఇంట్లో రోజూ గొడవే. "జైలే నయమే, వంట సరిగ లేదని తిట్టెటోళ్ళు ఉండరు" అని నాతో ఫోన్‌లో రుసరుసలాడేది. ఒకరోజు బస్సు అందక, మంచులో రెండు స్టాపుల దూరం పరుగెత్తి, తొమ్మిదికి రెండు నిమిషాల ముందు రొప్పుతూ గడప తొక్కిందట. ఆంటీ గడియారం చూసి, వేడిగా అన్నం వడ్డించిందట. ఆ రోజు తర్వాత ఫిర్యాదులు తగ్గాయి. పగటిపూట ఒక బేకరీలో పని వెతుక్కుంది. ఒక్క కోర్టు వాయిదా కూడా తప్పలేదు. నేనూ ఆ బేస్‌మెంట్ ఖాళీ చేసి వేరేచోట చేరాను.

ఎండాకాలం వచ్చాక కేసు తేలింది. ఓనర్ జోలికి పోనని, గొడవల్లేకుండా ఉంటానని ఆమె కోర్టులో మాటిచ్చాక ప్రభుత్వ లాయరు కేసు ఉపసంహరించుకున్నాడు. బయటికొచ్చాక ఆంటీ కారు తాళాలు తీస్తూ అంది: "ఇంక నీకు నా పూచీ అక్కర్లేదు. యాడికి పోవాలనుకుంటే ఆడికి పో."

నా రూమ్మేట్ ముందు సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకుంది. "బియ్యం నానబెట్టొచ్చిన ఆంటీ. ఇంటికి పోయి రుబ్బాలె" అంది.

కోర్సు పూర్తయ్యేదాకా అక్కడే ఉంది.