కాళ్లు చూసే నాగేంద్రబాబు

నాగేంద్రబాబు మనిషి మొహం చూడడు, కాళ్లు చూస్తాడు. ఇంటికొచ్చిన చుట్టమైనా, మిర్చి కొనడానికొచ్చిన బేరగాడైనా మొదటి మాట ఒకటే. "చెప్పులు విప్పవయ్యా, అరికాలు చూద్దాం."

ఈ పిచ్చితో భార్య గురవమ్మ ప్రాణం విసిగిపోయింది. అసలే ఆమెకు మూడేళ్లుగా షుగరు. అదొక్కటే వచ్చినా బాగుండేది. ఒక్కణ్ని పిలిస్తే ఇంటిల్లిపాదీ దిగిన చుట్టాల్లా బీపీ, కంటిమసక, కాళ్ల తిమ్మిరి వెంటే వచ్చాయి. ఆమె ఒక్కతేనా అంటే, వీధి మొత్తం మీద మాత్ర మింగని ఇల్లు లేదు. టీకొట్టులో పంచదార డబ్బాకి చీమలు తప్ప దిక్కులేదు.

అద్దంకిలో ఒక పెళ్లికి వెళ్తే, పెళ్లికొడుకు తండ్రి ఎదురొచ్చాడు. నాగేంద్రబాబు వంగాడు. దణ్ణం పెడుతున్నాడనుకుని ఆయన తలమీద చెయ్యి వేసి దీవించాడు.

"దీవెన సరేనండి, ఆ మడమ పగుళ్లకి ఏం రాస్తున్నారు?"

గురవమ్మ కొంగుతో మొహం కప్పుకుంది.

బఫే వరసలో ఆమె అన్న బుల్లయ్య ప్లేటు పట్టుకుని నిలబడ్డాడు. ఆయనదీ షుగరే.

"బావా, ఏదీ కాలు?"

"తిననివ్వవయ్యా. నా కాలికేం, నొప్పన్నదే తెలీదు."

"అదే నా భయం."

బతిమాలి చెప్పు విప్పించాడు. అరికాల్లో పత్తికట్టె ముక్క దిగి, చుట్టూ నల్లబడింది. అది ఎప్పుడు గుచ్చుకుందో బుల్లయ్యకే తెలియదు. పెళ్లిబట్టలతోనే ఒంగోలు ఆసుపత్రికి తీసుకెళ్లారు. చిటికెన వేలు పోయింది, పాదం దక్కింది. ఇంకాస్త ఆలస్యమైతే కాలే తీసేయాల్సి వచ్చేదన్నాడు డాక్టరు.

ఇల్లు చేరి గురవమ్మ మంచం మీద కూలబడింది.

"మా అన్న కాలు నిలబెట్టారు, సంతోషం. అసలీ పిచ్చి ఎలా పట్టుకుందండీ మీకు?"

"నీ వల్లే. రోజూ నీ అరికాళ్లు చూడమన్నాడు డాక్టరు. మొగుడి చేత కాళ్లు ముట్టించుకుంటే పాపమన్నావు. ఊళ్లో అందరివీ పట్టుకుంటే, ఇదేదో మామూలేనని నీకు సిగ్గు పోతుందనుకున్నా."

"మూడేళ్ల నుంచా?"

"నువ్వు మొండిదానివి కదా."

గురవమ్మ లేచి వీధి తలుపు గడియపెట్టి వచ్చి, ఒక కాలు ఆయన ఒళ్లో పెట్టింది.

"త్వరగా కానివ్వండి. ఎవరైనా చూస్తే ఆడిపోసుకుంటారు."

నాగేంద్రబాబు కళ్లజోడు పెట్టుకుని, వేళ్ల సందులన్నీ ఓపిగ్గా చూశాడు.

"ఏదీ, రెండోది?"

"రెండోది రేపు చూద్దురుగాని."