అడిగి చెప్పే మా మరిది

మా మరిదిని వీధంతా 'అడిగిచెప్తా' అంటారు. ఆ పేరు పెట్టింది నేనే, కానీ ఎవరడిగినా ఒప్పుకోను. అతను డాక్టరు కాదు, డాక్టరు దగ్గర అసిస్టెంటు. రోగిని చూస్తాడు, గుండె వింటాడు, కుట్లు వేస్తాడు. అయితే లైసెన్సుకి ఒక మెలిక ఉంది. 'ఇతని పనికి పూచీ నాది' అని పైడాక్టరు ఏటా సంతకం పెట్టాలి, మందు ఇవ్వాలంటే ఆయన్ని అడగాలి. ఆ సంతకం లేకపోతే చదివిన చదువంతా అటకెక్కినట్టే.

ఇంట్లోనూ ఇదే వరస. పక్కింటావిడ మెట్ల మీద ఆపి నాలుక చాపితే, "క్లినిక్కి రండి పిన్నిగారూ, డాక్టరుగారిని అడిగి చెప్తా" అంటాడు.

"పెళ్లికూతురు నచ్చిందా అంటే కూడా అడిగే చెప్పావు కదయ్యా" అన్నాను ఒకసారి.

"అది అమ్మని అడిగాను వదినా" అన్నాడు, నవ్వకుండా.

ఆ క్లినిక్‌లోనే రిసెప్షన్‌లో కూర్చుంటాను నేను. మొన్న ఒక పొద్దున డాక్టరుగారు వస్తూనే కుర్చీలో కూలబడ్డారు. చొక్కా చెమటతో తడిసి ముద్దయింది, ఎడమ దవడ నొక్కుకుంటున్నారు. ఏమైందంటే గ్యాసన్నారు. మా మరిది వినిపించుకోకుండా ఈసీజీ తీశాడు. అది చూడగానే అతని ముఖం పాలిపోయింది.

"ఇది గుండె సార్. వదినా, అంబులెన్సుకి ఫోన్ చెయ్యి. సార్, ఈ మాత్ర నమలాలి."

"నీ పైడాక్టర్ని నేను. నేను గ్యాసంటున్నా."

"ఇప్పుడు మీరు రోగి సార్. మీ వైద్యానికి మీరే పూచీ పడితే చెల్లదు. రెండో డాక్టర్ని అడగాలి."

ఈయన అందుబాటులో లేకపోతే ఎదురు క్లినిక్ డాక్టరమ్మని అడగాలని ఒప్పందంలో ఉంది. అది రాసుకున్న తర్వాత, మా గుమ్మం ముందు కారు నిలిపే చోటు కోసం ఇద్దరికీ మాటామాటా పెరిగింది. అప్పట్నించి వాళ్లిద్దరి మధ్యా పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది.

"ఆవిడకి ఫోన్ చేశావంటే ఈ ఏడు నీకు సంతకం పెట్టను" అన్నారు డాక్టరుగారు పళ్లు బిగబట్టి.

మరిది ఫోన్ తీశాడు. నంబరు నొక్కాడు. అటునుంచి డాక్టరమ్మ, "మాత్ర నమిలించు, కదలనివ్వకు, వస్తున్నా" అంది. అన్నట్టే రోడ్డు దాటి పరుగున వచ్చింది. డాక్టరుగారు గోడవైపు చూస్తూ మాత్ర నమిలారు.

ఆయన కోలుకునేదాకా మా మరిది డాక్టరమ్మని అడిగే పనిచేశాడు. పని సాగింది కానీ అన్నం సహించలేదు. లైసెన్సు గడువు దగ్గరపడుతోంది. నాకూ దిగులే, అందుకే ఆ రోజుల్లో అతన్ని ఆటపట్టించలేదు.

చివరికి డాక్టరుగారు వచ్చారు, సగమైపోయి. కుర్చీలో కూర్చుని, లైసెన్సు కాగితం ముందుకు లాక్కుని, పెన్ను తీశారు. మళ్లీ మూత పెట్టేశారు.

"ముందు ఇది చెప్పు. రేపట్నించి నేను పనిలోకి రావచ్చా?"

రావచ్చని ఒక్క ముక్క అంటే చాలు, సంతకం పడుతుంది. అనెయ్యవయ్యా మహానుభావా అని కళ్లతోనే బతిమాలాను.

"అడిగి చెప్తా సార్" అన్నాడు మా మరిది, ఫోన్ తీస్తూ.

నేను తల పట్టుకున్నాను. డాక్టరుగారు పెన్ను మూత తీశారు.

"అడుగు. ఆవిడ కారు మన గుమ్మం ముందు పెట్టుకోమన్నానని కూడా చెప్పు" అంటూ సంతకం పెట్టారు.